సుంకమ్మ నాలుగో నామినేషన్

సుంకమ్మ మూడోసారి సర్పంచి ఎన్నికలో ఓడిపోయిన మూడో రోజున, నేను పదో తరగతి పిల్లలకు పాఠం చెబుతుంటే ఆమె బడి గేటు తీసుకుని లోపలికి వచ్చింది. 2013 జూలై నెల అది. పోలింగు సిబ్బందికి నీళ్లు లేవంటే తన ఇంటి బిందె తెచ్చిపెట్టిందట. దాన్ని తీసుకుపోవడానికి వచ్చింది. ఆ బడిలోనే పోలింగు జరిగింది, ఆ బడిలోనే ఓట్లు లెక్కపెట్టారు. పదమూడు ఓట్ల తేడాతో ఓడిపోయిందని అధికారి చదివింది కూడా ఆ వరండాలోనే. ఆమె నడకలో మాత్రం ఏ తేడా కనిపించలేదు.

నా పేరు దుర్గాప్రసాద్. మాది ధర్మవరం. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవలసినవాణ్ని, మా నాయన పట్టుబట్టి చదివించడం వల్ల సోషల్ మాస్టారునయ్యాను. ఎర్రవంకపల్లి హైస్కూల్లో ఐదేళ్లు పనిచేశాను. పొద్దున్నే ధర్మవరంలో ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగి, స్టేషను దగ్గర ఉంచుకున్న పాత మోటారుసైకిల్ మీద ఎనిమిది కిలోమీటర్లు పోయేవాణ్ని. ఊరికి అరకిలోమీటరు ముందు వంక వస్తుంది. ఏడాదిలో పది నెలలు అది ఒట్టి ఇసుక. వానలు పడిన రోజుల్లో మాత్రం మనిషి మునిగేంత నీళ్లు. అలాంటి రోజు బడి లేనట్టే.

సుంకమ్మ ఆ ఊరి మంత్రసాని. పదిహేడో ఏట తన అత్త పక్కన కూర్చుని ఆ పని నేర్చుకుంది. మిగిలిన రోజుల్లో శెనక్కాయ చేలల్లో కూలికి పోయేది. పొట్టి మనిషి, గట్టి చేతులు. సంతకం చేయడం వచ్చు, చదవడం రాదు. పెనుకొండలో పుట్టి మడకశిర పక్కన పెరిగింది కాబట్టి కన్నడం తెలుగంత ధారాళంగా మాట్లాడుతుంది. అటువంటి మనిషికి సర్పంచి కావాలన్న ఆలోచన ఎలా వచ్చిందో ఊళ్లో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆమె నోటనే వినాలనిపించి ఒకసారి అడిగాను.

2000 సంవత్సరం సెప్టెంబరులో చంద్ర అనే అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయట. బిడ్డ బాగానే పుట్టింది, ఆడపిల్ల. తల్లికి నెత్తురు ఆగలేదు. మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుంటూ వంక దాకా వచ్చారు. వంక నిండుగా పోతోంది. అవతలి గట్టున పెనుకొండ నుంచి తెచ్చిన జీపు నిలబడి ఉంది. దాని డ్రైవరు వీళ్ల వైపు చెయ్యి ఊపుతున్నాడు. సాయంత్రం దాకా చూశారు. నీళ్లు తగ్గేలోపల చంద్ర పోయింది.

"జీపు కండ్ల ముందరే ఉండాది సారూ," అంది సుంకమ్మ. "పిలిస్తే పలికేంత దూరం. నా చేతిలో ఈ పసిబిడ్డ. ఆ పొద్దే అనుకుంటి, దీనికి మందు నా చేతిలో లేదు, వంతెనలో ఉండాదని."

అప్పటి సర్పంచి నారాయణ. ఊళ్లో సగం భూమి వాళ్లది. ఆయన తండ్రి సర్పంచి, అంతకుముందు తాత గ్రామ మునసబు. చంద్ర పోయిన వారానికి సుంకమ్మ ఆయన ఇంటి ముందుకు పోయి నిలబడింది.

"వంక మీద వంతెన కట్టించండయ్యా."

"వంతెన సంగతి నీకెందుకే సుంకీ? నువ్వు బొడ్డు కోసే పని చూసుకో."

"వంతెన సంగతి ఎవరు చూసుకోవల్లయ్యా మరి?"

"సర్పంచి చూసుకుంటాడు."

"అయితే నేను సర్పంచినే అయితా," అని చెప్పి ఇంటికొచ్చింది.

నారాయణ నవ్వాడు. ఊరూ నవ్వింది. 2001లో ఎన్నికలు వస్తే ఆమె నామినేషను కాగితం మీద ప్రతిపాదకుడిగా సంతకం పెట్టడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి భర్త రంగయ్యే పెట్టాడు. పెడుతూ కూడా "మనకెందుకే ఇది" అంటూనే ఉన్నాడట. ఆమెకు నలభై ఒక్క ఓట్లు పడ్డాయి.

"నలభై ఒకరు ఎవరెవరో నాకు తెలుసనుకుంటి," అని చెప్పింది. "వేళ్లు మడిచి లెక్కబెడితే ఇరవై మందే తేలినారు. మిగతా ఇరవై ఒకరు ఎవరో ఈ పొద్దుటికీ తెల్లేదు. నాకు తెలియకుండా నన్ను నమ్మినోళ్లు ఊర్లో ఉండారంటే, ఇంగ ఇంట్లో ఎట్ల కూర్చుంటాను?"

ఆ తరువాత నాలుగేళ్ల దాకా నారాయణ చేలల్లో ఆమెను కూలికి పిలవలేదు. అయినా ఆ ఇంట్లో కానుపు వస్తే మాత్రం కబురు వచ్చేది. నారాయణ భార్య సరస్వతమ్మకు పుట్టిన ఇద్దరు పిల్లలూ సుంకమ్మ చేతిలో పడినవాళ్లే. కూతురి కానుపుకు కూడా ఆమెనే పిలిచారు. పెరటి వాకిలి గుండా లోపలికి పోవాలి, పెరటి వాకిలి గుండానే బయటికి రావాలి. ఆ రోజు వాకిట్లో నారాయణ ఎదురుపడి, "ఓడిపోయినా పొగరు తగ్గలేదంటనే నీకు," అన్నాడట.

"పొగరుంటే మీ బిడ్డ కానుపుకు వస్తానా అయ్యా," అని చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగింది.

2006లో మళ్లీ నిలబడింది. నూట ఎనభై ఏడు ఓట్లు వచ్చాయి. తరువాత మూడేళ్లకు రంగయ్య చనిపోయాడు. 2013లో ఒంటరిగా ఇల్లిల్లూ తిరిగింది, గెలుపు అంచు దాకా వచ్చింది. పదమూడు ఓట్లు.

పాఠం ఆపి, బిందె భుజాన పెట్టుకుని పోతున్న మనిషిని పిలిచి వరండాలో కూర్చోమన్నాను. ఏం చెప్పి ఓదార్చాలో తెలియలేదు. పాఠం చెప్పేవాడికి పాఠమే గుర్తుకొస్తుంది.

"సుంకమ్మా, దక్షిణ అమెరికాలో చిలీ అని ఒక దేశం ఉంది. మిరపకాయలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అక్కడ సాల్వడార్ అయెందే అని ఒకాయన ఉండేవాడు. డాక్టరు."

"డాక్టరా? ఓట్లలో నిలబడినాడా?"

"నిలబడ్డాడు. పేదవాళ్ల పసిపిల్లలు పాలు లేక, తిండి లేక చచ్చిపోవడం చూశాడు. ఈ రోగానికి మందు నా సంచిలో లేదు, ప్రభుత్వంలో ఉంది అనుకున్నాడు. చిన్న వయసులోనే ఆరోగ్య మంత్రి అయ్యాడు. ఆ తరువాత దేశానికి అధ్యక్షుడు కావాలని పోటీ చేశాడు. 1952లో ఓడిపోయాడు. ఘోరంగా, నీకు మొదటిసారి వచ్చినట్టే వచ్చాయి ఓట్లు. 1958లో మళ్లీ నిలబడ్డాడు. కొంచెంలో తప్పింది. 1964లో మళ్లీ ఓడిపోయాడు."

సుంకమ్మ బిందె కింద పెట్టింది. "మూడుసార్లు," అంది.

"మూడుసార్లు. తన మీద తనే జోకులు వేసుకునేవాడట. నేను చస్తే సమాధి మీద 'ఇక్కడ పడుకున్నవాడు చిలీకి కాబోయే అధ్యక్షుడు' అని రాయండి అనేవాడట."

ఆమె పగలబడి నవ్వింది. ఓడిపోయాక అదే మొదటి నవ్వు అని తరువాత చెప్పింది. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది.

"నాలుగోసారి ఏమయ్యింది సారూ?"

"గెలిచాడు. 1970లో. దేశంలో ప్రతి బిడ్డకూ రోజుకు అర లీటరు పాలు ఇప్పించాడు."

"ఆ పైన?"

సరిగ్గా అప్పుడే గంట కొట్టారు. నేను లేచి తరువాతి తరగతికి పోయాను. గంట కొట్టకపోయినా లేచి పోయేవాణ్నేమో.

2016లో నాకు హిందూపురం బదిలీ అయింది. 2020లో రిటైరై ధర్మవరం చేరుకున్నాను. 2021 జనవరిలో ఒకరోజు మధ్యాహ్నం భోంచేస్తుంటే ఫోను మోగింది. అవతల ఆడపిల్ల గొంతు.

"సార్, నేను మంజుల. ఎర్రవంకపల్లి. మా అవ్వ మిమ్మల్ని ఒకతూరి వచ్చిపొమ్మంటాంది. నాలుగో నామినేషను ఏస్తాంది."

మంజుల అంటే వంక గట్టున తల్లిని పోగొట్టుకున్న ఆ పసిబిడ్డే. నా దగ్గర తొమ్మిది, పదీ చదువుకుంది. సొంత అవ్వ పోయాక సుంకమ్మ ఇంట్లోనే పెరిగింది. ఇప్పుడు హిందూపురంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషను మీద పనిచేస్తూ, అక్కడే తోటి అమ్మాయిలతో గది తీసుకుని ఉంటోంది. ఎర్రవంకపల్లి నుంచి అలాంటి పిల్లలు అరవై మందికి పైగా హిందూపురంలో ఉన్నారు.

నేను పోయేసరికి సుంకమ్మ ఇంటి ముందు కూర్చుని శెనక్కాయలు వొలుస్తోంది. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి చాప పరిచింది. కూర్చున్నానో లేదో అడిగింది.

"సగమే చెప్పినారు కదా సారూ ఆ పొద్దు?"

నాకు అర్థమైంది. మంజుల తలుపు దగ్గర నిలబడి నేల చూపులు చూస్తోంది. చేతిలో ఫోను.

"ఈ పాప చదివి చెప్పింది," అంది సుంకమ్మ. "గెలిచినాక మూడేండ్లకు మిలిటరీవాళ్లు ఆయప్ప మీదికి ఇమానాలతో వచ్చినారంట. పోతే పొమ్మన్నా పోకుండా ఆడనే ఉండి చచ్చిపోయినాడంట. నిజమేనా?"

"నిజమే. నువ్వు బాధపడతావని చెప్పలేదు. దాన్ని విని మళ్లీ పోటీ చేయవేమోనని కూడా."

"నేను చావు చూడని మనిషినా సారూ?" కోపం లేదు ఆ మాటలో. శెనక్కాయ గట్టిగా నొక్కి పగలగొట్టింది. "నాకు ఒకటే తెల్లేదు. మంజులను అడిగితే దానికీ తెల్లేదు. ఆయప్ప పోయినాక పిల్లోళ్లకు పాలు ఆగిపోయినాయా?"

ముప్పై ఐదేళ్లు చరిత్ర చెప్పినవాణ్ని. ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. తెలియదని ఒప్పుకున్నాను. ఇంటికి తిరిగివచ్చి రెండు రోజులు వెతికి చదివాను. పిల్లలకు పాలిచ్చే పథకం ఆయన కంటే ముందే చిన్నగా మొదలైంది. ఆయన దాన్ని పెద్దది చేశాడు. ఆయన పోయాక కూడా ఏదో ఒక రూపంలో అది సాగింది. ఆ సంగతి ఫోనులో సుంకమ్మకు చెప్పాను.

"అయితే సరే," అంది. "రేపు నామినేషను. మీరు రావల్ల."

ఆసారి సీటు జనరల్ మహిళకు వచ్చింది. నారాయణ తాను నిలబడే వీల్లేక సరస్వతమ్మను నిలబెట్టాడు. గోడల మీద అంటించిన కాగితాల్లో నారాయణ ఫోటో పెద్దగా, సరస్వతమ్మది పావలా బిళ్లంత ఉంది. సరస్వతమ్మకు ఉంగరం గుర్తు, సుంకమ్మకు కత్తెర. ఊళ్లో ముసలమ్మలు "బొడ్డు కోసేదానికి సరైన గుర్తే ఇచ్చినారు" అని ఒకటే నవ్వులు.

నామినేషన్ల ఉపసంహరణ గడువుకు ముందు రోజు నారాయణ మనుషులు నలుగురు ఆమె ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. ఏకగ్రీవమైతే ఊరికి ప్రభుత్వం నిధులిస్తుందని, ఊరి మేలు కోరేదైతే తప్పుకోవాలని మెత్తగా చెప్పారు. సుంకమ్మ అంతా విన్నది.

"ఆ దుడ్లతో వంక మీద వంతెన కట్టిస్తామని నారాయణన్న రాసిస్తాడా? రాసిస్తే ఇప్పుడే తప్పుకుంటా. నాకు కుర్చీ పనిలేదు."

నలుగురూ అడిగి వస్తామని పోయారు. మళ్లీ రాలేదు.

గొడవ ఇంట్లోనే వచ్చింది, అదీ మంజులతో. సుంకమ్మ ఇన్నేళ్లలో చేసిన కానుపులన్నీ పేరు పేరునా ఆ అమ్మాయి నోటుబుక్కులో రాసింది. మూడు వందల పైచిలుకు తేలాయి. వాళ్లలో రెండు వందల మందికి పైగా ఇప్పుడు ఓటర్లు.

"అవ్వా, వీళ్లందరి ఇండ్లకూ పోదాం. నిన్ను నేనే కదప్పా భూమ్మీదికి తెచ్చింది అని అడుగు. చాలు."

"అడగను," అంది సుంకమ్మ.

"ఎందుకు అడగవు?"

"కానుపు చేసినందుకు ఓటు అడిగితే అది అమ్ముకున్నట్టయితాది. వాళ్ల అమ్మలు ఆ పొద్దే నాకు బియ్యం పెట్టినారు, చీర పెట్టినారు. ఆడికి తీరిపోయింది. వంతెన కోసం అడుగుతా. నీళ్ల కోసం అడుగుతా. దీని కోసం అడగను."

మంజుల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నోటుబుక్కు చాప మీద విసిరికొట్టి బయటికి పోయింది. కొంచెంసేపటికి తిరిగి వచ్చి, పుస్తకం తీసుకుని దుమ్ము దులిపింది.

"నువ్వు అడగొద్దులే. నేను అడుగుతా. నా అమ్మ యాడ చచ్చిపోయిందో చెప్పి అడుగుతా. అది నాది. అమ్మేదీ నేనే, ఇచ్చేదీ నేనే."

సుంకమ్మ కొంచెం జరిగి చాప మీద ఆమెకు చోటిచ్చింది.

పోలింగు ఫిబ్రవరిలో. పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. నేను బడి బయట వేపచెట్టు కింద కూర్చున్నాను. పన్నెండు గంటలకే ఊళ్లో ఉన్నవాళ్లు దాదాపు అందరూ వేసేశారు. నారాయణ మనుషులు వేళ్లతో లెక్కలు వేసుకుని హుషారుగా ఉన్నారు. హిందూపురం పిల్లలు రాలేదు. ఫ్యాక్టరీవాళ్లు పొద్దున షిఫ్టు పూర్తి చేసి పొమ్మన్నారని, ఒంటిగంటకు బయటపడ్డామని మంజుల ఫోను చేసింది. ప్యాసింజరు బండ్లు కరోనా వల్ల ఇంకా మొదలు కాలేదు. రెండు టెంపోలు మాట్లాడుకున్నారు.

రెండున్నరకు ఫోను చేస్తే పెనుకొండ ఇంకా రాలేదన్నారు. మూడైంది. మూడు దాటి పది నిమిషాలైంది. సుంకమ్మ గేటుకు దూరంగా రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

అప్పుడు మా ముందరి బజారులో పిల్లలు అరిచారు. చూద్దును కదా, దూరంగా వంక వైపు నుంచి మనుషులు పరుగెత్తి వస్తున్నారు. ముందున్న టెంపో వంక ఇసుకలో కూరుకుపోయింది. వెనకది దాన్ని దాటలేకపోయింది. తోయడానికి టైము లేదని అందరూ దిగి పరుగు అందుకున్నారు. చెప్పులు చేతబట్టుకున్న అమ్మాయిలు, మెడలో ఫ్యాక్టరీ కార్డులు ఊగుతున్న అబ్బాయిలు. ముందు మంజుల. చున్నీ నడుముకు చుట్టుకుని, నోరు తెరుచుకుని, ఇసుక కొట్టుకున్న కాళ్లతో అరకిలోమీటరు పరుగెత్తుకుంటూ వచ్చి గేట్లో పడింది. ఆమె వెనక ఒకరొకరే. గేటు దగ్గర కానిస్టేబులు గడియారం చూసుకుంటూ "రండమ్మా, రండి, ఇంకా నాలుగు నిమిషాలుంది" అని తనే లోపలికి తోశాడు.

మూడున్నరకు గేటు మూసేటప్పటికి లోపల వరుసలో అరవై నాలుగు మంది ఉన్నారు. అధికారి చివర నుంచి ఒక్కొక్కరికీ చీటీ ఇచ్చుకుంటూ వచ్చాడు. మూడున్నర లోపల వరుసలో నిలబడ్డ ప్రతి మనిషికీ ఓటు హక్కు ఉంది.

సుంకమ్మ గేటు బయటే నిలబడి ఆ వరుసను చూసింది. "సారూ," అంది మెల్లగా, "వీళ్లలో ముగ్గురు తప్ప అందరూ నా చేతిలో ఏడ్చినోళ్లే."

లెక్కింపు మొదలైంది. ఉంగరం, కత్తెర, ఉంగరం, ఉంగరం, కత్తెర అని లోపలినుంచి మాటలు వినబడుతున్నాయి. ఒక దశలో నారాయణ మనుషులు బాణసంచా పెట్టె విప్పారు. తరువాత ఎందుకో దాని మీద మళ్లీ అట్ట కప్పారు. పొద్దు గుంకుతుండగా అధికారి వరండాలోకి వచ్చి కాగితం చదివాడు. సరస్వతమ్మకు ఐదు వందల ఎనభై తొమ్మిది. సుంకమ్మకు ఆరు వందల నలభై ఏడు.

యాభై ఎనిమిది ఓట్ల మెజారిటీ.

మంజుల కింద కూలబడి ఏడ్చేసింది. ఆ తరువాత చూడాలి ఆ గోల. హిందూపురం పిల్లలు సుంకమ్మను ఎత్తుకున్నారు. దించండప్పా, నడుము పోతాదని ఆమె అరుస్తూనే ఉంది. కింది వాడ నుంచి తప్పెట వచ్చింది. పక్క ఊరి చర్చిలో పాటలు పాడే ఏసుదాసు డోలక్కు తెచ్చాడు. రెండూ ఒక తాళానికి రావడానికి చాలాసేపు పట్టింది. గులాల్ నా తెల్లచొక్కా మీద పడింది. ఆ చొక్కాను మా ఇంటావిడ ఎంత ఉతికినా ఆ రంగు పోలేదు. నేనూ పోవాలని కోరుకోలేదు.

ఊరేగింపు నారాయణ ఇంటి ముందుకు వచ్చింది. తలుపు మూసే ఉంది. అక్కడ ఆపి డప్పు గట్టిగా కొట్టాలని పిల్లలకు సరదా. సుంకమ్మ వద్దంది. ముందుకు కదలబోతుంటే తలుపు తెరుచుకుంది. సరస్వతమ్మ ఒక్కతే వీధి వాకిలి దిగి వచ్చింది. చేతిలో పసుపు కుంకుమ పళ్లెం.

"నీకు పెట్టనీ," అని సుంకమ్మ నుదుట బొట్టు పెట్టింది. దగ్గరికి వంగి ఏదో చెప్పింది. సుంకమ్మ కళ్లు పెద్దవి చేసుకుని చూసింది.

ఏమందో ఆ మరుసటి వారం గానీ నాకు చెప్పలేదు. "నా ఓటు నాకే ఏసుకుంటిననుకున్నావా సుంకమ్మా?" అందట.

ప్రమాణ స్వీకారమైన తరువాత పెనుకొండలో మండల సమావేశం. మహిళా సర్పంచులు పన్నెండు మంది ఉండాలి. వచ్చినవాళ్లు నలుగురు. మిగతా కుర్చీల్లో వాళ్ల భర్తలు, బావమరుదులు. సుంకమ్మ పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి "మీ ఆయన రాలేదామ్మా?" అని అడిగాడు.

"ఆయప్ప పోయి పన్నెండేండ్లయింది. పిలిపిస్తారా?" అంది.

సభ మొత్తం నవ్వింది. ఆ నవ్వు తగ్గకముందే లేచి నిలబడి, ఎర్రవంకపల్లి వంక మీద వంతెన ఎందుకు లేదో ఎవరు చెబుతారని అడిగింది. అది మొదలు ఒక కాగితాల సంచి భుజాన వేసుకుని తిరగడం మొదలుపెట్టింది. పెనుకొండ ఆఫీసులు, అక్కడ కుదరకపోతే, కొత్త జిల్లా వచ్చాక, పుట్టపర్తి కలెక్టరాఫీసు. ఎక్కడికి పోయినా కుర్చీ చూపించేదాకా నిలబడే మాట్లాడేది. చంద్ర పేరు చెప్పేది. వంకకు అవతల ఉన్న నాలుగు ఊళ్ల గర్భిణుల పేర్లు చెప్పేది, ఎవరికి ఎన్నో నెలో కూడా. ఒక ఇంజినీరు ఆమె ముందే ఫైలు మూసేసి "చూద్దాంలేమ్మా" అంటే, "చూడు నాయనా, చూసేదాకా ఈడనే కూర్చుంటా" అని సాయంత్రం దాకా కూర్చుంది. ఆయన ఫైలు తెరిచాడు.

2023 ఆగస్టులో వంతెన పూర్తయింది. గొప్పగా ఏమీ లేదు, నీళ్లు పోవడానికి ఆరు గూనలు, రెండు పక్కలా సిమెంటు గోడ. ప్రారంభానికి పెద్దవాళ్లు వచ్చారు, మాట్లాడారు, పోయారు. అక్టోబరులో పెద్ద వాన పడింది. వంక రెండు గట్లూ ఒరుసుకుంటూ పారింది. అదే రోజు నారాయణ కోడలు హేమలతకు నొప్పులు మొదలయ్యాయి. పిలిస్తే ఇరవై ఐదు నిమిషాల్లో నూట ఎనిమిది బండి ఊళ్లోకి వచ్చి ఆ ఇంటి వీధి వాకిలి ముందు ఆగింది.

హేమలత సుంకమ్మ చెయ్యి వదలలేదు. సుంకమ్మ బండెక్కి పక్కన కూర్చుంది. నారాయణ వాకిట్లో నిలబడి ఉన్నాడు, వర్షంలో తడుస్తూ.

"సుంకమ్మా, నువ్వు కూడా ఉంటావు కదా ఆడ?" అన్నాడు.

ఇరవై మూడేళ్లలో ఆయన నోట ఆ పేరు పూర్తిగా రావడం అదే మొదలు.

"ఉంటాన్లేన్నా. నువ్వు తల తుడుచుకో ముందు," అంది. బండి కదిలింది.

వంతెన మీద పోతుంటే డ్రైవరు కొంచెం నెమ్మది చేశాడట, కింద నీళ్లు చూసి. "ఆపొద్దు నాయనా, పో" అని సుంకమ్మ గట్టిగా అరిచిందట. గంటలోపల హిందూపురం ఆసుపత్రిలో ఉన్నారు. మగబిడ్డ. తల్లికి నెత్తురు తక్కువుంటే ఎక్కించారు. ఇద్దరూ క్షేమం. ఆసుపత్రి వార్డులో నర్సమ్మ బిడ్డను తెచ్చి సుంకమ్మ చేతికిస్తే, ఆమె మామూలుగా చేసినట్టు బిడ్డ కాళ్లూ చేతులూ చూసి, ముక్కు చూసి, "వీడు నా చేతిలో ఏడ్వలేదు. నా ఓటు పోయింది" అంది. వెనకే ఆసుపత్రికి వచ్చిన సరస్వతమ్మ ఎంతగా నవ్విందంటే పక్క మంచాలవాళ్లు లేచి చూశారు.

2024 మొత్తం మీద ఎర్రవంకపల్లిలో ఒక్క కానుపు కూడా ఇంట్లో జరగలేదు. జనవరి ఒకటో తేదీన నాకు ఫోను చేసి ముందు అదే చెప్పింది, తరువాతే శుభాకాంక్షలు.

నిరుడు ఎండాకాలంలో అమరాపురం నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. అక్కడి మహిళా సంఘాలవాళ్లు సమావేశం పెట్టుకున్నారు. కన్నడంలోనూ తెలుగులోనూ మాట్లాడగల సర్పంచి కావాలన్నారు. నన్ను తోడు రమ్మంది. హిందూపురంలో బస్సు మారి పోయాం. చిన్న కల్యాణ మండపం, నూట యాభై మంది ఆడవాళ్లు. కొందరు పసిపిల్లలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సుంకమ్మ మైకు దగ్గర నిలబడి సగం తెలుగు, సగం కన్నడంలో వంతెన కథ చెప్పింది. మధ్యలో చిలీ డాక్టరు కథ కూడా చెప్పింది, ఈసారి చివరిదాకా, ఏదీ దాచకుండా. అయిపోయాక నీళ్లు తాగుతుంటే వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. ముప్పై ఏళ్లుంటాయి. మల్లిక అని పేరు చెప్పింది. పోయిన ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయిందట, మళ్లీ నిలబడాలంటే ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తున్నారట.

"ఎన్నిసార్లు ఓడిపోయినావమ్మా?" అని అడిగింది సుంకమ్మ.

"ఒకసారి."

"ఒకసారేనా?" అంది సుంకమ్మ నిజంగా ఆశ్చర్యపోతూ.

మండపమంతా నవ్వులు. మల్లిక కూడా నవ్వింది. సుంకమ్మ మైకు పక్కకు పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వేదిక దిగి ఆ వెనక వరుస దాకా నడిచి వెళ్లి, మల్లిక పక్కన నేల మీద కూర్చుంది. మీ ఊర్లో నీళ్లు యాడనుంచి వస్తాయి, ఎన్ని ఇండ్లు, ఎవరెవరు నీకు ఓటేసినారనుకుంటాండావు అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. చుట్టూ ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. మా బస్సు నాలుగున్నరకు. నేను రెండుసార్లు వాచీ చూపించాను. ఆమె నా వైపు చూడనే లేదు.